పాత కారు - క్రొత్త గేర్లు

పాత వస్తువును ప్రేమించువారికి రెండు కోరికలు ఒక్కసారిగా కలుగుచుండును. ఆ వస్తువు ఉన్నది ఉన్నట్లుగా నిలిచియుండవలెననునది మొదటిది. అది నేటి అవసరములకు పనికి రావలెననునది రెండవది. తాతలనాటి మండువా ఇంటిని నిలుపుకొనదలచినవాడు దాని దూలములను, స్తంభములను కదలింపడు. కాని ఆ ఇంటిలో విద్యుద్దీపము పెట్టింపక మానడు. ఈ రెండు కోరికలకు సంధి కుదుర్చుటయే కష్టము. పాత స్పోర్ట్స్ కార్లను పోషించుకొనువారు ఈ చిక్కును నిత్యము ఎదుర్కొనుచుందురు. అట్టి కారులో మార్పునకు మొట్టమొదట గురియగు భాగములు రెండు. ఒకటి ఇంజను బలమును చక్రములకు అందించు గేరుపెట్టె. రెండవది ఇంజను విడిచిన పొగను వెనుకకు కొనిపోవు గొట్టము. ఈ రెండింటిని మార్చుటలోని మంచిచెడ్డలను ఒక్క కారును ఉదాహరణముగా తీసికొని వివరించుటయే నా నేటి ఉద్దేశము.

ఆ కారు పేరు ఎం.జి.బి. ఇంగ్లండులో థేమ్సు నది ఒడ్డున ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. ఎం.జి. కార్ల కర్మాగారము 1929లో అచ్చటికి చేరినది. 1962లో ఎం.జి.బి. వెలువడినది. 1980లో ఆ కర్మాగారము మూతపడువరకు ఈ జాతి కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. సామాన్య ఉద్యోగి కొనగలిగిన వెలకు లభించిన స్పోర్ట్స్ కారు అగుటచేతనే దానికంత వ్యాప్తి కలిగినది. ముందు ఇద్దరు కూర్చుండుటకు చోటు, ఎండ కాసినపుడు వెనుకకు మడచుకొనుటకు వీలగు గుడ్డ కప్పు, నాలుగు సిలిండర్ల ఇంజను - ఇదియే దాని స్వరూపము. ఇంజను పరిమాణము 1,798 ఘన సెంటీమీటర్లు. నిమిషమునకు 5,400 చుట్లు తిరుగునపుడు అది 95 అశ్వశక్తి నిచ్చును. అయితే ఇరుసును త్రిప్పు బలము, అనగా ఇంజనీర్లు టార్కు అని పిలుచునది, 3,000 చుట్ల వద్దనే పరాకాష్ఠ నందుకొనును. ఈ 3,000 అను సంఖ్యను శ్రోతలు దయచేసి జ్ఞాపకముంచుకొనవలెను. నా ప్రసంగమంతయు తుదకు దానిచుట్టునే తిరుగును.

మొదట గేర్ల సంగతి చూతము. సైకిలు త్రొక్కువారందరికి ఇందలి మర్మము అనుభవమున తెలిసినదే. గట్టు ఎక్కునపుడు కాలు పెక్కుమారులు తిరిగి చక్రము కొద్దిగా తిరిగిన శ్రమ తగ్గును. చదునైన బాటపై కాలు మెల్లగా కదలుచు చక్రము వడిగా తిరిగిన సుఖముండును. కారులోను అంతే. ఎం.జి.బి.కి ముందునకు పోవు గేర్లు నాలుగు. నాలుగవ గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగిన, వెనుకకు పోవు ప్రొపెల్లర్ షాఫ్టు కూడ సరిగా ఒక చుట్టు తిరుగును. వెనుక ఇరుసులోని పళ్లచక్రముల అమరికచే షాఫ్టు దాదాపు నాలుగు చుట్లు తిరిగిన గాని చక్రము ఒక చుట్టు తిరుగదు. ఈ లెక్కన గంటకు 70 మైళ్ల వేగమున, అనగా సుమారు 112 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఇంజను నిమిషమునకు సుమారు 3,900 చుట్లు తిరుగవలెను. గంటసేపటికి 2,34,000 చుట్లు!

ఈ కారును రూపొందించిననాటి ఇంగ్లండు బాటలు వంపులతోను, మిట్టపల్లములతోను నిండియుండెను. అట్టి బాటపై నాలుగు గేర్లు చాలును. కాని 1959లో ఎం-1 అను మహామార్గపు తొలిభాగము తెరువబడినది. వంపులు లేని విశాలమైన బాటపై ఒకే వేగమున గంటల తరబడి పోవు ప్రయాణము క్రమముగా అలవాటైనది. 1965 డిసెంబరులో గంటకు 70 మైళ్ల పరిమితిని తాత్కాలికముగా విధించి, 1967లో స్థిరపరచిరి. నాటినుండి నేటివరకు ఆ బాటలపై సాగుచున్న వాహనములు సామాన్యముగా ఆ వేగమునకు దరిదాపులనే నడచుచున్నవి. అట్టి ప్రవాహములో ఎం.జి.బి. నడుపువాడు గుక్కతిప్పుకొనకుండ పరుగెత్తు మనిషివలె ఉండును. ఇంజను ఘోష చెవులను నింపును. ప్రక్కనున్నవారి మాట వినబడదు. పెట్రోలు ఎక్కువ ఖర్చగును. యంత్రభాగములు త్వరగా అరగును. ఎడమచేయి అయిదవ గేరు కొరకు తనంత తానుగా వెదకును. అది అచ్చట లేదు.

ఈ లోపమును తీర్చుటకు మార్గములు రెండు కలవు. మొదటిది కారుతోబాటు ఆ కాలముననే పుట్టినది. దానిని ఓవర్‌డ్రైవు అందురు. లేకాక్ సంస్థవారు డి నార్మన్‌విల్ అను ఇంజనీరు ఆలోచన ననుసరించి చేసిన యీ పరికరమును కొన్నవారు అదనపు వెల చెల్లించి తమ ఎం.జి.బి.లో పెట్టించుకొనెడివారు. గేరుపెట్టె వెనుక దీనిని అమర్తురు. ఇందులో నడుమ ఒక సూర్యచక్రము, దానిచుట్టు తిరుగు గ్రహచక్రములు, వానినన్నిటిని చుట్టియుండు లోపళ్ల కంకణము ఉండును. పేర్లు ఖగోళశాస్త్రమునుండి తెచ్చుకొన్నవే అయినను పని సులభము. మామూలుగా ఇవన్నియు ఒక్క ముద్దగా తిరుగును. చోదకుడు ఒక చిన్న మీటను నొక్కిన, నూనె ఒత్తిడిచే సూర్యచక్రము కదలకుండ బిగింపబడును. అప్పుడు గ్రహచక్రములు దాని చుట్టు దొర్లుచు వెలుపలి కంకణమును తమకంటె వేగముగా త్రిప్పును. ఇంజను సుమారు 80 చుట్లు తిరిగిన షాఫ్టు నూరు చుట్లు తిరుగును. క్లచ్చి త్రొక్కనవసరము కూడ లేదు.

ఇది కారు స్వభావమునకు పూర్తిగా సరిపడిన పరికరము. అయితే ఓవర్‌డ్రైవు లేని కారుకు దానిని పైనుండి తగిలించుట సాధ్యము కాదు. గేరుపెట్టె లోపలి ప్రధానపు ఇరుసే వేరుగా ఉండును గనుక మొత్తము పెట్టెనే మార్చవలెను. ఇందులో మరియొక చిక్కు కలదు. 1967 చివరివరకు వచ్చిన కార్లలో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. అనగా బండి పూర్తిగా ఆగిన గాని ఆ గేరు చప్పుడు లేకుండ పడదు. తరువాతి కార్లలో నాలుగు గేర్లకును ఆ సౌకర్యము కల్పించిరి గాని పెట్టె లావైనది. దానిని ఇముడ్చుటకు కారు నడుమనున్న సొరంగమును కూడ పెద్దది చేసిరి. కావున క్రొత్త పెట్టెను పాత కారులో పెట్టదలచినవాడు ఇనుపరేకును కోయవలసివచ్చును. ఒకసారి కోసిన రేకు తిరిగి మొదటి రేకు కాదు.

రెండవ మార్గము వేరొక కారు నుండి ఐదు గేర్ల పెట్టెను తెచ్చి అమర్చుట. 1982లో వెలువడిన సియెర్రా మొదలగు ఫోర్డు కార్లలోని టైప్-9 అను పెట్టె ఈ పనికి బాగుగా ప్రసిద్ధి కెక్కినది. ఇందలి నాలుగవ గేరు ఎం.జి.బి. నాలుగవ గేరువలెనే సమముగా తిరుగును. ఐదవ గేరులో ఇంజను 82 చుట్లు తిరిగిన షాఫ్టు నూరు చుట్లు తిరుగును. ఆ లెక్కన 70 మైళ్ల వేగమున ఇంజనుకు 3,200 చుట్లు చాలును. గంటకు 42,000 చుట్లు ఆదా! నిజమునకు ఇంజను బలము వీసమెత్తయినను పెరుగలేదు. పెరిగినది విశ్రాంతి మాత్రమే. కాని బలము పెంచుటకంటె విశ్రాంతి కల్పించుట పాత యంత్రమునకు చేయదగిన ఎక్కువ ఉపకారము.

ఈ పని పైకి తోచునంత తేలిక కాదు. ఎం.జి.బి.లో గేరుపెట్టెను మాత్రము క్రిందినుండి దింపుటకు వీలులేదు. దానిని ఇంజనుతో కలిపి పైకి ఎత్తవలసినదే. క్లచ్చి ఫలకను మార్చుటకు సైతము ఇంజనును లేపక తప్పదు. కావున ఒకసారి లేపినపుడు క్లచ్చి, దాని బేరింగు, ఇంజను వెనుకటి నూనె కారుడు మొదలగు వానినన్నిటిని చూచుకొనుట వివేకము. ఫోర్డు పెట్టెను ఎం.జి. ఇంజనుకు కలుపుటకు మధ్యవర్తిగా ఒక ప్రత్యేకమైన పోత కవచము కావలెను. పెట్టె ఇరుసు పళ్లకు సరిపోవు క్లచ్చి ఫలక కావలెను. ప్రొపెల్లర్ షాఫ్టును తగిన పొడవునకు చేయించి, తిరుగునపుడు అదరకుండ తూకము సరిచేయింపవలెను. షాఫ్టు రెండు చివరల కీళ్ల కోణములు ఒకదానితోనొకటి సరిపోనిచో కారంతయు సన్నగా వణకును. వేగమాపకమును మరల సరిచేయింపవలెను. లేకున్న అది అబద్ధము చెప్పును. నూనె విషయమున కూడ జాగ్రత్త వలయును. ఎం.జి.బి. పాత పెట్టెలో ఇంజను నూనెనే పోయుదురు. క్రొత్త పెట్టెకు దానికి విధింపబడిన గేరు నూనెనే పోయవలెను. అలవాటు చొప్పున చేయి పాత డబ్బా మీదికి పోవును.

ఇక పొగగొట్టము మాట. స్పోర్ట్స్ కారు అనగానే పెక్కుమందికి దాని ధ్వని జ్ఞప్తికి వచ్చును. గొట్టము ఎంత లావైన ఇంజను అంత సులభముగా ఊపిరి విడుచుననియు, ధ్వని ఎంత పెరిగిన బలము అంత పెరిగినట్లనియు ఒక నమ్మకము కలదు. ఇందు సగము నిజము, సగము భ్రమ. నిండుకుండ తొణకదను సామెత యంత్రములకు కూడ కొంతవరకు వర్తించును.

సిలిండరులో పెట్రోలు మండిన పిమ్మట ఎగ్జాస్టు కవాటము తెరచుకొనును. వేడి వాయువు ఒక్కసారిగా గొట్టములోనికి దుముకును. ఆ దుముకుతోబాటు ఒక ఒత్తిడి తరంగము గొట్టము వెంట పోవును. వేడి వాయువులో దాని వేగము సెకండుకు 500 మీటర్లకు పైగా ఉండును. గొట్టము హఠాత్తుగా విశాలమగు చోటికి చేరగానే ఆ తరంగము స్వభావము మారి, పీల్చునట్టి తరంగమై వెనుకకు మరలును. అది కవాటము మూతపడకముందే తిరిగివచ్చినచో సిలిండరులో మిగిలిన పొగను లాగివేయును. క్రొత్త మిశ్రమము లోనికి వచ్చుటకు తోడ్పడును. ఆలస్యముగా వచ్చిన ఫలము లేదు. కనుక గొట్టపు పొడవు ఒక నిర్ణీతమైన వేగమునకు మాత్రమే అనుకూలించును. సన్నాయి పొడవును బట్టి దాని శ్రుతి ఏర్పడునట్లు, పొగగొట్టపు కొలతలను బట్టి ఇంజను ఏ చుట్ల వద్ద హుషారుగా ఉండునో ఏర్పడును. అన్ని శ్రుతులకు ఒకే సన్నాయి చాలదు.

గొట్టపు వెడల్పు సంగతియు అట్టిదే. సన్నని గొట్టము ఎక్కువ చుట్ల వద్ద ఉక్కిరిబిక్కిరి చేయును. మితిమీరి లావైన గొట్టములో తక్కువ చుట్ల వద్ద వాయువు మందగించును. కాలువను వెడల్పు చేసిన నీటి వడి తగ్గునని మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఎం.జి.బి. ఇంజనులో ఒక విశేషము కలదు. నాలుగు సిలిండర్లకు పొగ వెడలు ద్వారములు మూడే. ఒకటవ సిలిండరుకు, నాలుగవ సిలిండరుకు చెరియొక ద్వారము. నడుమనున్న రెండవ, మూడవ సిలిండర్లకు కలిపి ఒక్కటే. ఇది లోపముగా తోచును గాని, ఈ ఇంజనులో సిలిండర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసను మండును. అందుచే రెండవది, మూడవది ఎప్పుడును వెంటవెంటనే పొగ విడువవు. ఒకదాని వంతునకు మరియొకదాని వంతునకు నడుమ ఇంజను ఒక పూర్తిచుట్టు తిరుగును. ఒకే బావి వద్దకు వేరువేరు వేళల నీటికి వచ్చు ఇరుగుపొరుగులకు తగవు లేనట్లే వీనికిని తగవు లేదు. ఆబింగ్డన్ కార్లకు అమర్చిన పోతయినుప మానిఫోల్డు ఈ క్రమమును ఎరిగి చేసినదే. చూచుటకు మోటుగా ఉండును గాని, మామూలుగా నడుపు కారుకు అది చక్కగా సరిపోవును. ఉక్కు గొట్టములను వంచి చేసిన క్రొత్త మానిఫోల్డు లాభము ముఖ్యముగా ఎక్కువ చుట్ల వద్ద, ఇంజను లోపలి భాగములను కూడ మార్చినపుడు తెలియును.

ఈ సంగతి నేను పుస్తకమున చదువకముందు చేతులు కాల్చుకొని నేర్చుకొంటిని. ఇంగ్లండులో ఉద్యోగము చేయుచుండిన కాలమున 1969లో తయారైన ఎం.జి.బి. నొకదానిని కొంటిని. మంచి స్థితిలోనున్న ఓవర్‌డ్రైవు పెట్టె దొరకక, ఐదు గేర్ల పెట్టెను పెట్టించితిని. మహామార్గమునెక్కి మొదటిసారి ఐదవ గేరు వేసినపుడు, వాన వెలిసిన తరువాత ఇంటికప్పు మీది చప్పుడు ఆగినట్లయినది. అంతటితో ఊరకుండిన బాగుండెడిది. ఒక మార్పు చేసిన చేతికి రెండవ మార్పు చేయవలెనను దురద పుట్టినది. లావుపాటి గొట్టమును, ఉక్కు మానిఫోల్డును తెచ్చి స్వయముగా బిగించితిని. వీధిలో బయలుదేరినపుడు ధ్వని మహోత్సాహముగా ఉండెను. కారు బలము పెరిగినదనియే నమ్మితిని.

ఆ ఆదివారము కాట్స్‌వొల్డ్ కొండల వైపు పోయితిమి. అంతకు ముందు వారము ఐదవ గేరులోనే ఎక్కిన మిట్టను ఆ దినము కారు ఎక్కలేక నాలుగవ గేరునకు దిగినది. తిరిగి వచ్చునపుడు మహామార్గముపై 70 మైళ్ల వేగమున కారులోపల ఒక బొంగురు రొద మొదలైనది. నా భార్య కొంతసేపు ఓర్చుకొని, తుదకు "ఇదివరకు మాటలాడుకొనుచు వచ్చెడివారము గదా, దీనిని బాగుచేయించితిరా, పాడుచేయించితిరా?" అని అడిగినది. నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఇంటికి వచ్చి కాగితముపై లెక్క వేసిన పిమ్మట సమాధానము దొరకినది. ఐదవ గేరు పెట్టుటచే నా కారు ఎక్కువ కాలము నడచునది 2,700 చుట్లకు 3,200 చుట్లకు నడుమ. ఇంజను టార్కు పరాకాష్ఠ నందుకొను 3,000 చుట్లు సరిగా ఆ నడుమనే ఉన్నవి. అనగా పాత గొట్టముతో ఐదవ గేరు ఇంజనుకు బాగుగా బలమున్న చోటనే దానిని నిలిపినది. నేనో, ఇంకను పై చుట్లకు అనుకూలించు గొట్టమును తెచ్చి ఆ బలమును అచ్చటినుండి పైకి జరిపితిని. ఒక చేత ఇంజనును మెల్లగా తిరుగుమంటిని. రెండవ చేత వేగముగా తిరిగిన గాని బలమీయనని దానిచే అనిపించితిని. రొదకు కూడ కారణమిదియే. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కొక్క చుట్టులో రెండుమార్లు పొగ విడుచును. 3,900 చుట్ల వద్ద అది సెకండుకు 130 దెబ్బలు. 3,200 చుట్ల వద్ద సుమారు 107 దెబ్బలు. ఆ తక్కువ స్థాయి దెబ్బలకు నా కారు రేకులు, లోపలి గాలి వంతపాడినవి. పాత సైలెన్సర్లు ఆ ధ్వనిని మింగెడివి, క్రొత్తవి మింగలేదు.

అదృష్టవశమున పాత మానిఫోల్డును పారవేయలేదు. దానిని శుభ్రపరచి తిరిగి బిగించితిని. దాని వెనుక పాత కొలతల గొట్టమునే, రెండు సైలెన్సర్లతో, తుప్పు పట్టని ఉక్కుతో చేయించితిని. పెట్రోలు మండునపుడు నీరు కూడ పుట్టును. దగ్గరి ప్రయాణములలో ఆ నీరు ఆవిరి కాక గొట్టములోనే నిలిచి మామూలు ఇనుమును లోపలినుండి తినివేయును. కావున లోహమును మార్చుట నిజమైన మేలు. కొలతలను మార్చుట మాత్రము ఆలోచించి చేయవలసిన పని. గొట్టము మార్చినవారు కార్బురేటర్ల సంగతియు చూడవలెను. ఈ కారులోని జంట ఎస్.యు. కార్బురేటర్లలో ఒక సన్నని సూది పెట్రోలు పాలును నిర్ణయించును. పొగ వెడలు తీరు మారిన ఆ పాలు సరిపోకపోవచ్చును. సూదిని మార్చక నడిపిన ఇంజను కాగిపోవు ప్రమాదము కూడ కలదు. చట్టమును మరువరాదు. బ్రిటనులో 1986 నాటి వాహన నిబంధనల ప్రకారము, ధ్వని పెరుగునట్లు సైలెన్సరును మార్చుట నేరము. చట్టము లేకున్నను, తెల్లవారుజామున నిద్రించుచున్న పొరుగువారు ఉండనే ఉందురు.

ఈ అనుభవము వలన నేను గ్రహించిన సూత్రము ఒక్కటి. యంత్రములో ఏ భాగమును ఒంటరిగా ఉండదు. గేర్లను మార్చినవాడు ఇంజను ఏ చుట్ల వద్ద బ్రతుకవలెనో నిర్ణయించుచున్నాడు. గొట్టమును మార్చినవాడు ఇంజను ఏ చుట్ల వద్ద బలముగా ఉండవలెనో నిర్ణయించుచున్నాడు. ఈ రెండు నిర్ణయములు ఒకే చోట కలియవలెను. పందెములలో నడుపువాడు పై చుట్లనే కోరును. అతనికి దగ్గరదగ్గరగా ఉండు గేర్లు, పై చుట్లకు తగిన గొట్టము యుక్తము. బాటపై దూరప్రయాణము చేయువానికి మెల్లని ఐదవ గేరు, నెమ్మదియైన గొట్టము యుక్తము. ఒకరిది సగము, మరియొకరిది సగము తెచ్చి అతికించిన కారు ఇద్దరికిని పనికిరాదు. కావున సామగ్రి కొనుటకు ముందు, "నేను ఈ కారును ఎచ్చట, ఎట్లు నడుపుదును?" అను ప్రశ్నకు నిజాయితీగా సమాధానము చెప్పుకొనవలెను.

మరియొక మాట చెప్పి ముగింతును. పాత కారుకు చేయు ఏ మార్పునైనను తిరిగి తీసివేయుటకు వీలుగా చేయవలెను. పాత వాహనముల సంరక్షణకు పాటుపడు అంతర్జాతీయ సమాఖ్యవారు ట్యూరిను పేర వెలువరించిన పత్రములో ఈ నియమమునే బోధించిరి. మరమేకులతో బిగించినది విప్పవచ్చును. కోసినది అతుకుట కష్టము. నా కారునుండి దింపిన నాలుగు గేర్ల పెట్టెను నూనె పూసి, గుడ్డలో చుట్టి, ఏ కారుదో, ఏ నాడు తీసినదో చీటీ వ్రాసి భద్రపరచితిని. కారును అమ్మవలసి వచ్చినపుడు కొన్న యువకునికి ఆ పెట్టెను కూడ అప్పగించితిని. ఆయన దానిని ఎన్నడును బిగింపకపోవచ్చును. కాని ఆ కారు ఆబింగ్డన్‌లో పుట్టిననాడు ఎట్లుండెనో, అట్లే మరల చేయదలచినవానికి దారి తెరచియే ఉన్నది. మనకు ముందువారు మనకు అప్పగించిన వస్తువును మన సుఖమునకు మలచుకొనుటలో తప్పు లేదు. తరువాతివారికి ఆ స్వేచ్ఛ లేకుండ చేయుటయే తప్పు.